వంత లేని పాట

ఆ ఎండాకాలం జగిత్యాలలో మా మామయ్య క్యాసెట్ల షాపు వెనక గదిలో ఒక పాట తయారైంది. సినిమా పాట కాదు, పేరున్న కంపెనీ కాదు, ఒక్కటంటే ఒక్క పాట! క్యాసెట్టుకి ఈ వైపూ అదే, ఆ వైపూ అదే, ఎందుకంటే మా దగ్గర రెండోది లేదు. అయినా నెల తిరక్కముందే అది ఆటోల్లో మోగింది, బీడీ కార్ఖానాల్లో మోగింది, పెళ్ళి బారాతుల్లో మోగింది. మామయ్య ప్రతి సోమవారం షాపు ముందు నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసే 'జగిత్యాల టాప్ టెన్'లో హీరోలందర్నీ ఒక్కో మెట్టూ కిందికి తోసుకుంటూ పోయి పైన కూర్చుంది. పాడింది మల్లక్క. కీబోర్డు వాయించింది నేను.

నేను హైదరాబాదులో డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాయగానే కేసియో కీబోర్డును దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కి వచ్చేశాను. మాధవ రావు మామయ్య మా అమ్మకు అన్నయ్య. ఊళ్ళో పెద్ద ఇల్లు, పొలాలు, జీతగాళ్ళు, అంతా ఉండేది. నక్సలైట్ అన్నలు వచ్చి పొలంలో ఎర్రజెండాలు పాతాక, కౌసల్య అత్తమ్మనీ రెండు ట్రంకు పెట్టెల్నీ వెంటబెట్టుకుని జగిత్యాలలో అద్దె ఇంట్లో దిగాడు. పాటలంటే పిచ్చి కాబట్టి క్యాసెట్ల షాపు పెట్టాడు. ఆ పిచ్చే నాకూ వచ్చిందని అమ్మ తిడుతుంది.

షాపులో సినిమా క్యాసెట్ల కంటే ఉత్తరాల పని ఎక్కువ. కోరుట్ల చుట్టుపక్కల ఏ ఇంట చూసినా ఒకరు మస్కట్‌లోనో దుబాయిలోనో ఉంటారు కదా, రాయడం రానివాళ్ళు టేప్ రికార్డర్ ముందు కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పేసి, ఆ క్యాసెట్టును అటు వెళ్ళేవాళ్ళ చేతికి ఇస్తారు. దారిలో పోతే ఎట్లా అని ముందుగా మా దగ్గర ఒక కాపీ తీయించుకుంటారు. కాపీలు తీయడం నా పని. వినొద్దనే అనుకుంటాను, కానీ టేపు పక్కనే తిరుగుతుంటే చెవులు ఎక్కడ దాచుకోను! బోరు ఎండిపోయింది, బర్రె ఈనింది, చిన్నోడు నడుస్తున్నాడు. ఒకరోజు అట్లాంటి ఉత్తరం చివర ఆ ఇల్లాలు, "ఇగో, మన పక్కింటి మల్లక్క పాట పెడుతున్న, ఇను. పాణం నిమ్మళమైతది" అన్నది.

తర్వాత ఆ గొంతు వచ్చింది.

పొద్దుగూకె కొడుకా, దీపమెట్టె యాల్లాయె
గట్క సల్లగాయె కొడుకా, గడపెప్పుడు తొక్కుతవు

అంతే. ఆ తర్వాత ఏమీ లేదు. టేపు తెగిందనుకుని బటన్ మీద వేలు పెట్టాను. తెగలేదు, బీడీ ఆకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు వినిపిస్తూనే ఉంది. పక్కనుంచి ఎవరో వంత పలకడానికి పట్టేంత సేపు ఊరుకుని, మళ్ళీ అదే గొంతు, రెండో చరణం, మళ్ళీ అంతే ఖాళీ. గొంతు పైకి వెళ్ళి ఇక విరిగిపోతుందేమో అనుకున్న చోట విరగకుండా నిలబడుతుంది చూడండి! మామయ్యా మామయ్యా అని అరిచాను.

మామయ్య వచ్చి నిలబడి విన్నాడు. "గీ గొంతు నాకెర్కే" అన్నాడు నెమ్మదిగా. "మా ఊరి మల్లక్క. నాట్లేసేటప్పుడు గీమె పాడుతుంటె గట్టు మీద నిలబడి ఇంటుంటిని."

"పోదామా? మనం రికార్డు చేద్దామా?"

"నువ్ పో. నేనే మొకం పెట్టుకొని పోవాలె?"

కానీ మర్నాడు పొద్దున తనే స్కూటర్ తుడిచాడు.

కోరుట్లలో రేకుల గదుల వరసలో చివరిది మల్లక్కది. సన్నగా, పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, ఒళ్ళో బీడీల చాట పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. మామయ్యను చూసి లేవబోయింది. సగం లేచి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కూర్చుంది.

"మాధవరావు దొరనా? ఎండకు తొవ్వ తప్పినవా ఏంది?"

"నీ పాట కోసం అచ్చిన మల్లక్కా."

"అగో! పంట కోసం అచ్చేటోనివి, పాట కోసం అచ్చినవా. దినాలు మంచిగనే తిరిగినయ్."

మామయ్య బయటే నిలబడ్డాడు. నేను మాత్రం లోపలికి దూరి, రికార్డు చేస్తాం, వెనక కీబోర్డు వేస్తాం, క్యాసెట్ చేస్తాం, పైన నీ పేరు వేస్తాం అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

"గీ పిల్ల ఎవలు దొరా?"

"మా చెల్లె బిడ్డ. మనోరమ."

"ఊపిరి తీస్కోవే చిన్నదొరసానీ, సస్తవు" అని నవ్వింది. నవ్వుతూనే మామయ్య వైపు తిరిగింది. "మావోని ఎడమచెయ్యి చిటికెన వేలు నీ బాయికాడి మోటరు బెల్టు తిన్నది. యాదికున్నదా? దవాఖానకన్న తోలకపోతివి. ఊళ్ళె కంపోండరు పసుపు పెట్టి గుడ్డ కట్టిండు. ఇప్పుడు నా గొంతు నీ మిషన్ల పెడితె, గది గూడ తినదని ఏం నమ్మకం?"

మామయ్య నేల చూశాడు. మల్లక్క కొంచెంసేపు బీడీకి దారం చుట్టింది. తర్వాత నన్నే అడిగింది.

"ఎంత దూరం పోతదే గీ పాట?"

"ఎంత దూరమైనా పోతుంది! మస్కట్ దాకా పోతుంది!"

"మస్కట్ల నాకెవలున్నరు? గుట్టల మీదికి పోతదా?"

నాకు అర్థం కాలేదు. మామయ్యకు అర్థమైంది. "పోతది మల్లక్కా" అన్నాడు. "రేడియో ఉన్నకాడికల్లా పోతది. టేపున్నకాడికల్లా పోతది."

"అయితె పాడుత. నా కొడుకు ఇని ఇంటికి రావాలె. బతికి రావాలె. గంతే."

తిరిగి వస్తుంటే స్కూటర్ మీద మామయ్య చెప్పాడు. ఆమె కొడుకు రాజన్న. మామయ్య దగ్గరే చిన్నప్పుడు జీతం ఉన్నాడు. పెద్దయ్యాక అన్నల్లో కలిశాడు. మామయ్య పొలంలో మొదటి జెండా పాతింది అతనే. అప్పట్నుంచి పోలీసులు తల్లిని స్టేషనుకు పిలవడం, పొద్దంతా కూర్చోబెట్టి పంపడం. అందుకే ఊరు విడిచి కోరుట్లకు వచ్చింది.

ఇంట్లో అత్తమ్మ ఊరుకోలేదు. "మన వాకిట్ల జెండా పాతినోని తల్లికి మనం పాట చేస్తమా? సిగ్గుండాలె" అన్నది. మామయ్య గిన్నెలో చేయి కడుక్కుని లేచిపోయాడు. పని మాత్రం మానలేదు.

షాపు వెనక గదికి నాలుగు వైపులా బొంతలు వేలాడదీశాం, ఫ్యాన్ ఆపేశాం, చప్పుడు వస్తుందని. కొలిమిలో కూర్చున్నట్టుంది! మల్లక్క మొదటిసారే అంత బాగా పాడేసింది, నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. తర్వాత నేను నా గొప్ప ఆలోచన చెప్పాను: చరణం చివర ఖాళీగా ఉంది కదా, అక్కడ కొడుకు జవాబు పెడదాం, వంత. "అస్తున్ననవ్వా!" అని. నేనే పాడతాను, లేదా ఎవరైనా అబ్బాయితో పాడిద్దాం.

మల్లక్క మైకు మీద చేయి పెట్టి మూసేసింది. "అద్దు."

"ఎందుకు? పాటలో ఉంది కదా వంత?"

"ఉన్నది. మా వాడకట్టుల ఎవలన్న సచ్చిపోతె, గా సచ్చినోని తరపున పక్కోళ్ళు వంత పలుకుతరు. నావోడు ఉన్నడు. ఉన్నోని తరపున ఇంకొకలు పలుకద్దు. ఆని వంత ఆడే అచ్చి చెప్పుకుంటడు."

"కానీ ఖాళీగా ఉంటే జనం ఏమనుకుంటారు?"

"ఏమన్న అనుకోనీ. నువ్ గాడ నోరు పెట్టకు బిడ్డా, నీ కాల్మొక్త."

మొదటిసారి చిన్నదొరసాని అనకుండా బిడ్డా అన్నది. మైకును మళ్ళీ ఆమె వైపు తిప్పాను.

కానీ ఖాళీలో ఏదో ఒక చప్పుడు ఉండాలి కదా. కీబోర్డు పెడితే చవగ్గా ఉంది, డప్పు పెడితే చావు డప్పులా ఉంది. మామయ్యకు సిరిసిల్లలో తెలిసినవాళ్ళ సాంచెల షెడ్డు ఉంది, మరమగ్గాల్ని అక్కడ సాంచెలంటారు. ఇద్దరం టేప్ రికార్డర్ పట్టుకుని పోయాం. కరెంటు లేదు. పనివాళ్ళు బయట చెట్టు కింద బనియన్లతో కూర్చున్నారు. కరెంటు వచ్చేసరికి అందరూ లేచి లోపలికి పరుగు, నేను మైకుకు రుమాలు చుట్టి పట్టుకున్నాను. ముందు ఒక్క సాంచె కదిలింది, టకటక. తర్వాత దాని పక్కది. తర్వాత వరసంతా. ఎవరో దూరం నుంచి నడిచి వస్తున్నట్టు, వస్తూ వస్తూ ఒక్కడు కాస్తా గుంపు అయినట్టు! ఆ చప్పుడునే ముక్కలు కోసి మల్లక్క ఆగిన చోటల్లా పెట్టాను. మామయ్య హెడ్‌ఫోన్ తీసి నా నెత్తి మీద చేయి పెట్టాడు. అంతకంటే ఏ అవార్డూ వద్దనిపించింది.

పాట బయటికి వెళ్ళాక జరిగింది మాత్రం మేమెవరమూ అనుకోనిది. ఆ ఖాళీలో జనం పలకడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు. ఆటోలో ఆరుగురు ఇరుక్కుని పోతుంటే మల్లక్క గొంతు "గడపెప్పుడు తొక్కుతవు" అనగానే సాంచెల చప్పుడు మీద ఆరుగురూ ఒక్కసారే "అస్తున్ననవ్వా!" అని అరిచేవాళ్ళు. పెళ్ళి బారాతులో పెళ్ళికొడుకు అరిచాడు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినతను మా షాపు ముందే నిలబడి అరిచి, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. బోర్డు మీద ఎనిమిదో నంబరు, అయిదో నంబరు, రెండో నంబరు. ఒకటి రాసిన సోమవారం మామయ్య సుద్దముక్క పట్టుకుని వెనక్కి నడిచి నడిచి రోడ్డు మధ్యదాకా వెళ్ళి చూసుకున్నాడు, ఆర్టీసీ బస్సు హారన్ కొడితే గానీ పక్కకు జరగలేదు. ఊరు వదిలాక ఆయన అట్లా నిటారుగా నిలబడటం మొదటిసారి చూస్తున్నానని అత్తమ్మే అన్నది. అన్నాక, అన్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

నేను ప్రతి వారం కోరుట్ల వెళ్ళి మల్లక్కకు చెప్పేదాన్ని. ఎక్కడెక్కడ మోగిందో, ఎవరెవరు అడిగారో. జనం వంత పలుకుతున్నారంటే, "ఆళ్ళవ్వలకు ఆళ్ళు పలుకుకుంటున్నరు" అన్నది. అంతా విని ప్రతిసారీ ఒక్కటే అడిగేది.

"వాడు ఇన్నడంటవా?"

"వినే ఉంటాడు మల్లక్కా. వినని వాళ్ళెవరున్నారు ఇప్పుడు?"

"గట్లయితె ఇయ్యాల్నో రేపో" అని, చాటలో బీడీలు సర్దుకునేది. సాయంత్రం జొన్న గట్క కొంచెం ఎక్కువ వండుతోందని పక్కింటామె నాకు చెవిలో చెప్పింది.

జూన్ మొదట్లో కోరుట్ల అంగడి రోజు నేను మల్లక్క పక్కన మామిడికాయల బేరం చూస్తున్నాను. దూరం నుంచి పాట వినిపించింది. పోలీసు జీపు. పైన మైకు కట్టారు. మల్లక్క గొంతు అంగడంతా నిండిపోయింది, "గడపెప్పుడు తొక్కుతవు" అన్నది, జనం అలవాటుగా నోళ్ళు తెరిచారు. సాంచెల చప్పుడు రాలేదు. దాని మీద ఒక మగ గొంతు అచ్చు పుస్తకం చదువుతున్నట్టు వచ్చింది: "అడవుల్లో ఉన్న యువకులారా, మీ తల్లులు ఎదురు చూస్తున్నారు, ఆయుధాలు వదిలి లొంగిపొండి." మళ్ళీ మల్లక్క. మళ్ళీ ఆ గొంతు.

తెరిచిన నోళ్ళు మూతపడ్డాయి. అంతకుముందు నిమిషం వరకూ బేరాలతో హోరెత్తిన అంగడిలో ఆ జీపు ఒక్కటే వినిపించింది.

మల్లక్క మామిడికాయ కిందపెట్టింది. "నావోని జాగల ఎవడే పలుకుతున్నడు?" అన్నది. ఆమె మొహం చూడలేకపోయాను.

ఆ రోజే జగిత్యాలకు నాతో బస్సులో వచ్చింది. షాపులోకి వచ్చి నిలబడింది.

"బంద్ చెయ్యి దొరా."

"నేనియ్యలేదు మల్లక్కా. బజార్ల కొనుక్కున్నరు, ఆళ్ళే నడుమ కలుపుకున్నరు."

"నువ్ ఇచ్చినవన్లేదు. కని నా కొడుకు ఇంటె ఏమనుకుంటడు? అవ్వ నన్ను పోలీసోళ్ళకు పిలుస్తున్నదనుకోడా? ఇంటికి అచ్చే తొవ్వను నేనే మూసినట్టాయె."

మామయ్య వెళ్ళి పోలీసు ఆఫీసర్‌ను కలిశాడు. ఆయన కుర్చీ వేయించి, ఛాయ్ తెప్పించి, మంచి పని చేసిండ్రు రావుగారూ, ఇంకో పెట్టె పంపుండ్రి, అన్నాడట. రెండు రోజుల తర్వాత తెల్ల చొక్కా మనిషి ఒకడు షాపులో క్యాసెట్లు తిరగేస్తున్నట్టు నిలబడి, "మల్లక్క కొడుకును మల్లక్కనే పట్టిస్తున్నదని అడివి లోపల మాట నడుస్తున్నది సార్. జర ఆలోచన చేయుండ్రి" అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. మామయ్య బోర్డు మీద ఒకటో నంబరు తుడిచేశాడు. కాపీలు ఆపేశాడు. ఏం లాభం! అప్పటికి పాట మా చేతిలో లేదు. మేం ఆపితే ఇంకొకరు తీస్తున్నారు. టేపున్న ప్రతివాడూ తీస్తున్నాడు.

తొలకరి పడిన మర్నాడు షాపు తెరుస్తుండగానే జీపు వచ్చి ఆగింది. గుట్టల అవతల ఎన్‌కౌంటరైందట. చనిపోయినవాడు రాజన్నే అని సమాచారమట. దవాఖానకు వచ్చి గుర్తుపట్టాలి, మీ ఊరివాడే కదా, మీ ఇంట్లో పెరిగినవాడే కదా, అన్నారు. జీపు వెనక సీట్లో మల్లక్క అప్పటికే కూర్చుని ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. మామయ్య ఎక్కాడు. నేను అడగకుండానే ఎక్కి మల్లక్క పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. ఆ చేతికి పొగాకు వాసన.

దవాఖాన వెనక గదిలో సిమెంటు గద్దె మీద పడుకోబెట్టారు. తెల్లగుడ్డ కప్పారు. ఆఫీసర్ తల దగ్గర గుడ్డ తీశాడు. నా వయసే ఉంటుంది. సన్నగా మీసం. నుదుటి మీద ఎండిన మట్టి.

మల్లక్క చూసింది. చాలాసేపు చూసింది. కొంగు నోట్లోంచి తీసి, తడుపుకుని, ఆ నుదుటి మీద మట్టి తుడిచింది. "అయ్యో కొడుకా" అన్నది. గోడకు జారగిలి నేల మీద కూర్చుండిపోయింది.

"తల్లి సరే. మీరు చెప్పుండ్రి రావుగారూ. వీడేనా?"

మామయ్య దగ్గరికి వెళ్ళాడు. గుడ్డ అంచు ఒక పక్క జారి, ఎడమ చేయి గద్దె మీద నుంచి కిందికి వేలాడుతోంది. నేను ఆ చేతినే చూస్తున్నాను. బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా వేళ్ళన్నీ ఉన్నాయి. గోళ్ళలో మట్టితో, పొందికగా, అన్నీ.

మామయ్య కూడా చూశాడు. వంగి, ఆ చేతిని మెల్లగా ఎత్తి గద్దె మీద పెట్టి, గుడ్డను మణికట్టు దాటి కిందిదాకా లాగి కప్పాడు.

"వాడే" అన్నాడు.

రాసుకోవాల్సింది రాసుకున్నారు. ఆ వేలు పోయిన సంగతి ఊళ్ళో కంపౌండరుకూ, మల్లక్కకూ, మామయ్యకూ తప్ప ఏ సర్కారు కాగితానికీ తెలీదు.

శవాన్ని అప్పగించాక మామయ్య ట్రాలీ ఆటో మాట్లాడాడు. కోరుట్ల దారిలో మేం ముగ్గురం ఆ కుర్రవాడి పక్కనే కూర్చున్నాం. వాన సన్నగా పడుతోంది. డ్రైవర్ టేపు పెట్టబోతే మామయ్య వద్దని చేయి ఊపాడు. చాలా దూరం వెళ్ళాక, మల్లక్క మొహం చూడకుండా అన్నాడు.

"ఇగ ఆని కోసం ఎవలూ తిరుగరు మల్లక్కా. కని వాడు ఇటు దిక్కు రావద్దు. ఎన్నడూ. సమజైందా?"

"సమజైంది దొరా" అన్నది. గుడ్డ గాలికి లేస్తుంటే రెండు చేతులతో ఒత్తి పట్టుకుంది. "ఇగ పిలువను."

ఆ గుడ్డ వైపే చూస్తూ, "గీ పిల్లగాడు ఎవల కొడుకో. గాడ ఆళ్ళవ్వ గూడ గట్క పెట్టుకొని కూసున్నదేమో" అన్నది.

నేను అటు వైపు గుడ్డ అంచు పట్టుకున్నాను.

ఇంటికొచ్చాక అత్తమ్మ అడిగింది. "వాడేనా?"

"వాడే."

అత్తమ్మ ఆయన మొహంలోకి చూసింది. "ఇరవయ్యేండ్ల సంది సూస్తున్న మీ మొకం. నాకు గూడ అబద్దమాడుతున్నరా?" అన్నది. మామయ్య తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. అత్తమ్మ స్టవ్ ముందు నిలబడి, వెలిగించడం మర్చిపోయి, అట్లాగే నిలబడింది. పత్రికలో ఆ కుర్రవాడి ఫొటో వచ్చింది, కింద రాజన్న అని పేరు. అత్తమ్మ ఆ పేజీని చాలాసేపు చూసి మడిచిపెట్టింది.

మూడో రోజు పిట్టకు పెట్టుడు. చనిపోయినవాడికి ఇష్టమైనవి వండి సమాధి మీద పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురు చూడటం. అత్తమ్మ తనే అన్నం వండి, గిన్నెకు గుడ్డ కట్టి, నేనూ వస్తున్నా అన్నది. మల్లక్కను షాపు మెట్లు కూడా సరిగ్గా ఎక్కనివ్వని మనిషి, కోరుట్ల బొందలగడ్డలో బురదలో చెప్పులు చేత పట్టుకుని నడిచింది.

కొత్త మట్టి మీద మోదుగాకు విస్తరిలో అన్నం, గుడ్డు, కొంచెం కల్లు. మల్లక్క, వాళ్ళ వాడకట్టు వాళ్ళు కొందరు, మేము. కొంచెం దూరంలో మామూలు బట్టల్లో ఒక కానిస్టేబుల్, సైకిలుకు ఆనుకుని బీడీ కాలుస్తూ, ఎవరెవరు వచ్చారో చూస్తున్నాడు. కాకులు వచ్చి గోడ మీద వాలుతున్నాయి గానీ కిందికి దిగడం లేదు. "ఆనికి ఏమిష్టమో యాది చేసుకో మల్లక్కా, అదేదో పెట్టలేదు నువ్వు" అన్నది ఒక ముసలామె. మల్లక్క తల వంచుకుంది. ఏం చెబుతుంది! ఆ పిల్లవాడికి ఏమిష్టమో ఆమెకేం తెలుసు!

అప్పుడు గేటు వైపు నుంచి ఒకామె వచ్చింది. మల్లక్క ఈడుదే. జుట్టు నిండా నూలు పోగులు, కాళ్ళ నిండా దారి బురద. చేతిలో మడతపెట్టిన పేపరు.

"మల్లక్కంటె ఎవలు?" గొంతు తగ్గించి అడిగింది.

"నేనే అక్కా."

"నా పేరు అంజవ్వ. తంగళ్ళపల్లి నుంచి అచ్చిన. సాంచెల కాడ కండెలు సుడుత." పేపరు మడత సగం విప్పింది. "పేపర్ల ఫొటో సూసిన."

అంతే అన్నది. ఫొటో ఎవరిదో చెప్పలేదు. మల్లక్క మొహంలోకి చూస్తూ నిలబడింది, అడగాల్సిన మాట అక్కడే ఉంది, కళ్ళలో. మల్లక్క లేచింది. దుఃఖపు ఇంటికి వచ్చినవాళ్ళను కౌగిలించుకుని ఏడుస్తారు, అది పద్ధతి. మల్లక్క కౌగిలించుకోలేదు. వంగి, ఆమె రెండు పాదాలూ పట్టుకుంది, ఆ బురదతో సహా. తల ఆ పాదాల మీద పెట్టింది. వదల్లేదు.

అంజవ్వ కిందికి చూసింది. సమాధి వైపు చూసింది. సైకిలు మనిషి వైపు చూసింది. ఆమెకు అంతా అర్థమవుతోంది. ఒక్క మాట చాలు, "గీడు నా కొడుకు" అనే ఒక్క నిజం చాలు, ఎక్కడో గుట్టల మీద ఉన్న రాజన్న మళ్ళీ వేటలో పడటానికి.

కానిస్టేబుల్ బీడీ పారేసి దగ్గరికి వచ్చాడు. "ఎవలమ్మ నువ్వు? ఏమైతవు పిల్లగానికి? చేతిల అదేంది?"

అత్తమ్మ కదిలింది. అంజవ్వ భుజం చుట్టూ చేయి వేసి పక్కకు తిప్పుతూ, ఆ పేపరును ఆమె చేతిలోంచి తీసి తన కొంగు కింద పెట్టేసుకుంది. మామయ్య అది చూశాడు.

"ఏమైతవమ్మా అంటున్న?"

"పెద్దమ్మనైత" అన్నది అంజవ్వ. "నేనే సాదిన గీన్ని. నా చేతులల్లనే పెరిగిండు."

మల్లక్క పాదాలు వదిలి లేచింది. ఆమె చేయి పట్టుకుని సమాధి దగ్గరికి తీసుకెళ్ళింది. "తల దిక్కు నువ్ కూసో అక్కా" అన్నది. తల వైపు తల్లి కూర్చోవాలి. తను వెళ్ళి కాళ్ళ వైపు కూర్చుంది.

అంజవ్వ కొంగు ముడి విప్పింది. బెల్లం ముక్క, వేయించిన పల్లీలు. విస్తరిలో పెట్టింది. రెండు చేతులూ ఆ పచ్చి మట్టి మీద ఆనించి నోరు తెరిచింది. అక్కడి ఆడవాళ్ళు పేరు పెట్టి పిలుస్తూ శోకం తీస్తారు. ఒక పేరు ఆమె పెదాల దాకా వచ్చింది, నేను చూశాను. అది ఏ పేరో నాకివాళ్టికీ తెలీదు. దాన్ని మింగింది.

"రాజన్నా..." అని పిలిచింది. "నా కొడుకా రాజన్నా... నీకు పల్లీలు తెచ్చిన లేవరా రాజన్నా..."

కాళ్ళ వైపు మల్లక్క రెండు పిడికిళ్ళూ బిగించుకుని, బతికున్న తన కొడుకు పేరును వింటూ కూర్చుంది.

కానిస్టేబుల్ కాసేపు నిలబడ్డాడు. తలకు కట్టుకున్న రుమాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత సైకిలు తిప్పుకుని, ఎక్కకుండా, నడిపించుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయాడు. అతను కనబడకుండా పోయాక కూడా అంజవ్వ పేరు మార్చలేదు.